జల్లెడ పట్టిన నవ్వు

శనివారం. దట్టమైన మంచు.

పని మొదలుపెట్టే ముందు చదువరి దినచర్య తెరవాలని మాచేత పుస్తకాలు చదివించే కేంద్రం నియమం. నిద్ర ఎలా పట్టింది, ఏం తిన్నాం, మనసు ఎలా ఉంది, అన్నీ రాయాలి. చాలా రోజుల తర్వాత తెరుస్తున్నాను కనుక ముందు వివరాలు. నా పేరు కుముదం. వయసు యాభై ఎనిమిది. ఎగువ మెట్టలో వలల వరసకి చివరి ఇల్లు. ఒక్కదాన్నే ఉంటాను. నిద్ర ఫరవాలేదు. రాగి అంబలి తాగాను.

పొద్దున్నే వలలు కడిగాను. మంచుని పట్టి నీళ్లుగా తొట్టిలోకి దించే ఈ వలలకి నాచు పడితే ఆ నీళ్లు చేదెక్కుతాయి. మెత్తటి గుడ్డతో పైనుంచి కిందికి తుడవాలి, గట్టిగా రుద్దితే పోగులు తెగుతాయి. మా ఆయన సోమేశం ఉన్నప్పుడు ఈ పని నాది కాదు. ఇప్పుడు నాదే.

చేతులు ఆరకముందే ఫిరోజా ఫోను. ఆమె కేంద్రంలో రికార్డింగులు చూసే ఇంజినీరు. నేను చదివిన ‘ఏడో లంక పెళ్లివారు’ నుదుటికి కట్టుకునే కొత్త పట్టీల్లో పలకడం లేదట, తొడుక్కున్నవాళ్లకి తలనొప్పి వస్తోందట. పాతది తీసేసి మళ్లీ చదివించాలని పైవాళ్లు అన్నారని చెప్పింది. వేరేవాళ్లని అడగొచ్చు కదా అన్నాను. ఆ పుస్తకానికి జనం మీకు అలవాటుపడ్డారు ఆంటీ, ఇంకొకరి నవ్వు వాళ్లకి సరిపడదు అంది.

నా పని ఏమిటని ఎవరైనా అడిగితే, చదవడం అని చెప్పి ఊరుకుంటాను. నుదుటికి పట్టీ కట్టుకుని పుస్తకం చదువుతాను. చదువుతూ నాకు ఏమేం కలుగుతాయో అన్నీ పట్టీకి ఎక్కుతాయి. తర్వాత వేరొకరు తమ పట్టీ తొడుక్కుని కళ్లు మూసుకుంటే, పేజీ తిప్పకుండానే ఆ కథ వాళ్లకి తెలుస్తుంది, నేను నవ్విన చోట వాళ్లకీ నవ్వు వస్తుంది. అక్షరాలు అందరికీ వచ్చు. బోర్డులు చదువుతారు, మందు సీసాల మీద రాసింది చదువుతారు. ఒక పేజీ మొత్తం కూర్చుని చదివే ఓపిక మాత్రం ఎవరికీ లేదు. మా తరంలో ఆ అలవాటు పోనివాళ్లం కొద్దిమందిమి మిగిలాం, అదే మాకు ఉద్యోగమయింది.

ఒప్పుకున్నాను. నిజం రాయాలి కనుక రాస్తున్నాను: ఫోను పెట్టేశాక చాలా సంతోషం వేసింది. సోమేశం పోయాక ఆ పుస్తకం ముట్టుకోలేదు. ఇప్పుడు ముట్టుకోవడానికి ఒక కారణం దొరికింది.

మంగళవారం. పల్చటి మంచు, తర్వాత ఎండ.

పట్టీ దిగువనుంచి కొండకి కట్టిన తీగ మీద వేలాడుతూ వచ్చే తొట్టిబండిలో వచ్చింది. మునుపటికంటే తేలిక, జడకి కట్టుకునే రిబ్బనంత కూడా లేదు. మధ్యాహ్నం అన్నం తిన్నాక గుమ్మంలో పీట వేసుకుని మొదలుపెట్టాను.

‘పెళ్లివారి పడవ బయల్దేరే వేళకి పెళ్లికొడుకు తప్ప అందరూ ఎక్కారు.’

ఈ వాక్యం దగ్గర ఎప్పుడూ ఒకసారి ఆగుతాను. లోపలికి వెళ్లే ముందు చెప్పులు విప్పుకున్నట్టు. వెనక ఉన్న రెండు వందల చిల్లర పేజీలు నాకు తెలుసు, అయినా ఏమీ తెలియనట్టు ఉంటుంది.

మొదటిసారి చదివినప్పుడు పెళ్లికొడుకు ఏమయ్యాడోనన్న కంగారులో పరుగెత్తాను. రెండోసారికి అతను అరటితోటలో నిద్రపోతున్నాడని తెలుసు కాబట్టి తీరిగ్గా పడవంతా తిరిగాను. ఆ తర్వాతెప్పుడో డోలు వాయించే మనిషి తన కొత్త చెప్పులు తడవకుండా డోలు మీద పెట్టుకున్నాడని గమనించాను. అవి రెండూ ఎడమకాలివేనని ఇంకెప్పుడో తెలిసింది. రాసినాయన ఆ సంగతి ఎక్కడా చెప్పలేదు, మనిషి దిగి నడిచిన తీరు రాసి వదిలేశాడు. అలాంటివి ఆ పుస్తకంలో ఎన్ని దాచాడో. ఎవరికీ చెప్పకుండా ఇంత ఓపిగ్గా దాచిన మనిషి మీద నాకు ఒక రకమైన ప్రేమ.

ఇవాళ పడవ మొదటి వంపు తిరిగేదాకా చదివాను. బాగా సాగింది. మోకాలు నొప్పి కొంచెం.

గురువారం. మంచు లేదు. తొట్టి సగమే.

ఇవాళ గవర్రాజు అధ్యాయం. పాత రికార్డింగులో జనం మళ్లీ మళ్లీ తొడుక్కునేది అదేనని ఫిరోజా ఎప్పుడూ చెబుతుంది.

గవర్రాజు పెళ్లికొడుకు పెదమావ. పడవలో గారెలు వడ్డిస్తూ తన విస్తరిని దాటి వెళ్లిపోయారని ఆయనకి అలక. అడగడానికి పరువు అడ్డం. పడవ ఇసుకదిబ్బకి తగిలి ఆగినప్పుడు, ‘నేనిక రాను’ అని గొడుగుతో సహా దిబ్బ మీదికి దిగుతాడు. ఆయన బరువు తగ్గడంతో పడవ తేలి కదిలిపోతుంది. అందరూ అరుస్తుంటారు. పిలవగానే తిరిగి చూస్తే చులకనవుతానని ఆయన అటువైపు తిరిగి గొడుగు వేసుకుని నిలబడతాడు. తిరిగి చూసేసరికి పడవ లేదు.

అప్పట్లో ఇది చదువుతూ కళ్లనీళ్లు వచ్చేలా నవ్వాను. సోమేశం పుస్తకాలు చదివేవాడు కాదు. పక్కన కూర్చుని వలలు బాగుచేసుకునేవాడు. నేను నవ్వితే సూది ఆపి, నాకూ చెప్పు అనేవాడు. చదువు ఆపి చెప్పేదాన్ని. అంతా విని గవర్రాజు తరఫున మాట్లాడేవాడు.

“ఆయన తప్పేటుంది? అడిగితే పరువు పోద్ది, అడక్కపోతే కడుపు మాడుద్ది. నువ్వయితే ఏటి చేద్దువు?”

నేనయితే అడుగుతానని అనేదాన్ని. నువ్వు అడుగుతావు, ఆయన గవర్రాజు కదా అనేవాడు. దాని మీద పొయ్యి మీద కూర మాడేదాకా వాదించుకునేవాళ్లం. పట్టీ నుదుటినే ఉండేది. ఇంట్లో కూర్చుని చదివే చదువరికి ఇంటి మాటలు తప్పవని కేంద్రానికీ తెలుసు.

సోమేశం పోయింది కిందటేడు వానల్లో. ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరింది.

ఇవాళ అదే అధ్యాయం చదివాను. నవ్వు వచ్చింది, మొదటి పేజీలో. గవర్రాజు అటు తిరిగి గొడుగు విప్పిన చోటికి వచ్చేసరికి గొంతులో ఏదో అడ్డుపడింది. వెనక పడవ వెళ్లిపోతున్న సంగతి ఆ మనిషికి తెలియదు. అది ఇన్నేళ్లూ నవ్వులాటగానే కనిపించింది నాకు. పుస్తకం మూసి వలల దగ్గరికి వెళ్లి, తుడిచినవే మళ్లీ తుడిచాను.

రాత్రి భోజనం చేయలేదు. నియమం కనుక రాశాను.

ఆదివారం. ఓ మోస్తరు మంచు.

కొత్త రికార్డింగును కేంద్రంలో కొందరికి తొడిగి చూశారట. గవర్రాజు దగ్గర ఒకావిడ ఏడ్చింది. ఒకతను పట్టీ తీసేసి బయటికి వెళ్లిపోయాడు. ఇది హాస్య పుస్తకం కదా అని అందరూ అడిగారట. ఫిరోజా ఈ మాటలు ఎంతో నెమ్మదిగా చెప్పింది. మళ్లీ ఒకసారి చదివి చూడమంది.

చదివాను. ఈసారి నవ్వాలని కూర్చున్నాను కనుక మొదటి పేజీలో వచ్చిన నవ్వు కూడా పోయింది. ఇంకోసారి చదివితే అక్షరాలు తప్ప ఏమీ కనిపించలేదు. ఇంతకాలం ఆ పుస్తకం నన్నెప్పుడూ అలా చూడలేదు. నేను దాన్ని ఏదో అడగడానికి వచ్చానని దానికి తెలిసిపోయినట్టుంది.

బుధవారం. మంచు బాగుంది.

ఫిరోజా స్వయంగా వచ్చింది. తొట్టిబండి దిగి మెట్లెక్కి వచ్చేసరికి ఆయాసపడుతోంది. పుదీనా నీళ్లు ఇచ్చాను. ఆమె తెచ్చిన దారి ఇది: నేను గురువారం చదివిన రికార్డింగును జల్లెడ పట్టి దుఃఖం తీసేస్తుంది. కథా, కొంచెం నవ్వూ మిగులుతాయి. నేను సరేనంటే ఒక వారంలో అయిపోతుంది.

జల్లెడ మాట నేను వినలేదని కాదు. పక్కింటి కుక్క మొరుగుడు, వంటింటి చప్పుళ్లు, దగ్గు, ఇలాంటివి తీస్తారని తెలుసు. మనసులోది కూడా తీయవచ్చని తెలియదు.

తొందరపడకు, ఒక ఉపాయం ఉందన్నాను. నా పాత రికార్డింగును నేనే ఒకసారి తొడుక్కుంటే ఆ నవ్వు ఎలా వచ్చేదో గుర్తొస్తుంది. గుర్తొస్తే మళ్లీ చదవగలను. ఫిరోజాకి చెప్పిన కారణం అది. చెప్పని కారణం వేరే ఉంది. ఆ రికార్డింగు చేసిన మధ్యాహ్నాలన్నీ సోమేశం నా పక్కనే ఉన్నాడు. చదువరులు తమది తాము తొడుక్కోకూడదనే పద్ధతి వల్ల నేనెప్పుడూ దాన్ని తొడుక్కోలేదు. ఆ మధ్యాహ్నాలు ఎక్కడో అలాగే ఉన్నాయని మాత్రం ఇన్నాళ్లూ నమ్ముకుని ఉన్నాను.

అది సరిగ్గా పలకాలంటే పాత పట్టీ కావాలని, కేంద్రంలో అవి ఒక్కటీ లేవు, అన్నీ కరిగించేశారని ఫిరోజా చెప్పింది. కాసేపు ఆలోచించి, దిగువ మెట్టలో నూకరాజు అనే ఆయన తన పాత పట్టీ తిరిగి ఇవ్వనని మొండికేశాడని, కొత్తది ఇస్తామన్నా వినలేదని చెప్పింది. ఆయన ఇల్లు ఎక్కడో తను చెప్పలేదని నన్ను అనుకోమంది. చెప్పింది.

శుక్రవారం. దిగువన ఎండ.

తొట్టిబండిలో దిగువకి వెళ్లాను. సోమేశం పోయాక మొదటిసారి. కిందికి దిగేకొద్దీ గాలి ఉప్పగా అవుతుంది. పాత ఊళ్లో ఎత్తు మేడలు కొన్ని ఇంకా నీళ్లపైకి కనిపిస్తున్నాయి, వాటి మీద కొంగలు.

నూకరాజు పడవలకి దారి చూపే మనిషి. మునిగిన వీధుల మీదుగా వచ్చే సరుకు పడవలు గోడలకి తగలకుండా ముందు తన చిన్న పడవ నడుపుతాడు. డెబ్బై దాటి ఉంటాయి. నా పేరు చెప్పగానే గుమ్మంలోంచి లేచి నిలబడ్డాడు. కూకోండమ్మా అని పీట తుడిచి వేశాడు. నన్ను చూడకుండా నా చేతుల వైపు చూస్తున్నాడు. నా మనసు ఇన్నేళ్లుగా తొడుక్కుంటున్న మనిషికి నా ముఖం కొత్త.

“మీ మోకాలు నొప్పి తగ్గిందా అమ్మా?” అని అడిగాడు. “అయిదో అధ్యాయం కాడ కొంచెం పొడుస్తాది.”

ఎక్కువైందని చెప్పాను. పగలంతా మునిగిన ఊరి మీద తిరిగి వచ్చాక గవర్రాజు అధ్యాయం ఒక్కటి తొడుక్కుని పడుకుంటాడట. కొత్త పట్టీ ఒకసారి తొడిగి చూపించారని, అందులో వేరే ఎవరో చదివిన పుస్తకం చల్లగా ఉందని చెప్పాడు. నేను వచ్చిన పని చెప్పాను. ఆయన లోపలికి వెళ్లి నూనెగుడ్డలో చుట్టిన పట్టీ తెచ్చి రెండు చేతులతో ఇచ్చాడు.

తొడుక్కున్నాను. కళ్లు మూసుకున్నాను.

ఏం జరిగిందో ఉన్నదున్నట్టు రాస్తాను. పడవ కదిలింది. పెళ్లివారు ఎక్కారు. నవ్వు వచ్చింది, నా నవ్వే. పొట్టలో పుట్టి భుజాలదాకా వచ్చే నవ్వు, నాకు అంత బలం ఉండేదని మరిచిపోయాను. గవర్రాజు దిబ్బ మీదికి దిగాడు. ఆ నవ్వులో నేను ఊగిపోతున్నాను. ఇప్పుడు సోమేశం సూది ఆపుతాడు, ఇప్పుడు అడుగుతాడు అని ఎదురుచూశాను.

గవర్రాజు గొడుగు విప్పాడు.

సోమేశం అడగలేదు. పడవ వెళ్లిపోయింది. అధ్యాయం అయిపోయింది. మొదటికి వెళ్లి మళ్లీ తొడుక్కున్నాను. చెవులు కాదు, ఒళ్లంతా పెట్టి విన్నాను. వలల వాసన లేదు. గుమ్మంలో ఎండ లేదు. మాడిన కూర లేదు. ఎక్కడా ఎవరూ లేని ఒక గదిలో ఒక ఆడమనిషి కూర్చుని హాయిగా నవ్వుతోంది. ఆమెకి ఇల్లు లేదు, మొగుడు లేడు, నవ్వు ఆపి ఎవరికీ ఏమీ చెప్పదు.

పట్టీ తీశాను. నూకరాజు మంచినీళ్లు తెచ్చి పెట్టాడు. ఈ పట్టీలో మీకు ఎప్పుడైనా ఒక మగగొంతు వినిపించిందా అని అడిగాను. ఆయన ఆలోచించాడు.

“గొంతు లేదమ్మా. కానీ గొడుగు కాడ ఓపాలి ఆగినట్టుంటాది. ఎవలో పిలిస్తే పలకబోయినట్టు. మళ్లీ సాగిపోద్ది. పట్టీ పాతదయి అలగవుతందనుకున్నాను.”

తిరిగి వస్తుంటే తొట్టిబండిలో నేనొక్కదాన్నే.

శనివారం. మంచు.

ఫిరోజాకి నేనే ఫోను చేశాను. కోపంతో చేయలేదు, అడగాలని చేశాను. ఆ మాటలన్నీ ఎక్కడున్నాయని అడిగాను.

అవి అప్పుడే తీసేశాం ఆంటీ, ఒప్పందంలో ఉంది కదా అంది. నిజమే, ఉంది, నేనే గుర్తు చేసుకోలేదు. మీ ఆయన మాటలు ఇంకొకరి తలలో ఎలా పెడతామని అడిగింది. అదీ నిజమే. తీసినవి దాస్తారా అంటే దాయరు. చదువరి ఇంటి సంగతులు దాచడం తప్పని ఆ రోజుల్లోనే నియమం పెట్టారు. అది మా మంచికే పెట్టారు. నేనే వెళ్లి ఆ నియమానికి చప్పట్లు కొట్టిన సభ గుర్తుంది.

తర్వాత ఫిరోజా, నేను అడక్కుండానే, ఆ జల్లెడ పట్టింది తనేనని చెప్పింది. ఉద్యోగంలో చేరిన కొత్తలో తన చేతికి వచ్చిన మొదటి పుస్తకాల్లో అదొకటి. అయితే నువ్వు విన్నావన్నమాట అన్నాను. విన్నాను అంది. ఒక్కొక్కటీ విని గుర్తు పెట్టి కోయాలి ఆంటీ, చాలా రోజులు పట్టింది.

ఆయన ఏమనేవాడని అడిగాను.

ఆమె నిజంగా గుర్తు చేసుకోవడానికి ప్రయత్నిస్తోందని తెలుస్తోంది. ఏదో ఒకటి కల్పించి చెప్పి ఉండవచ్చు. ఫిరోజా అలాంటిది కాదు.

“చాలా మాట్లాడేవారు ఆంటీ. అంతవరకు తెలుసు. ఆ తర్వాత ఎన్ని వందల రికార్డింగులు చేశానో. ఒక్కటే గుర్తుంది. ఒకసారి, ఉప్పు డబ్బా ఎక్కడ పెట్టావు అని అడిగారు. మీరు చదువుతూనే చెయ్యెత్తి చూపించారు. చెయ్యెత్తితే పట్టీ కదిలింది, అందుకని గుర్తుంది.”

సరే అన్నాను. ఆమె అటువైపు ఏడుస్తోందని అర్థమయి, నేనే ఓదార్చి పెట్టేశాను.

సోమవారం. ముసురు.

జల్లెడ వద్దని కేంద్రానికి చెప్పాను. ఇప్పుడు చదివింది ఎలా ఉందో అలాగే తీసుకుంటే ఇస్తాను, లేకపోతే లేదు. ఆ రికార్డింగులో సోమేశం గొంతు లేదు. గవర్రాజు దగ్గర నా గొంతులో అడ్డుపడింది మాత్రం ఉంది. ఆయన ఈ ఇంట్లో ఉండేవాడనడానికి పట్టీకి ఎక్కింది అదొక్కటే. అది కూడా తీసేయనివ్వలేను.

పైవాళ్లు మర్యాదగానే మాట్లాడారు. హాస్య పుస్తకానికి దుఃఖపు చదువు ఇవ్వలేమన్నారు. వాళ్ల మాటలో తప్పు వెతకలేకపోయాను. రోజంతా అలసిపోయి ఇంటికొచ్చి కాస్త నవ్వుకుందామని పట్టీ తొడుక్కునే మనిషికి నా ఇంటి సంగతి ఎందుకు? పుస్తకాన్ని ఇంకొక చదువరికి ఇస్తారు. ఈ పుస్తకం ఇంతవరకు చూడని అమ్మాయట. అదృష్టవంతురాలు. పెళ్లికొడుకు ఏమయ్యాడోనని కంగారుపడుతుంది.

నా పాత, కొత్త రికార్డింగులు రెండూ తుడిచేస్తారు. పట్టీ తొట్టిబండిలో తిప్పి పంపాను. దినచర్య ఇక్కడితో మూయాలి.

వారం తర్వాత. మంచు దట్టం.

ఎవరూ అడగకపోయినా రాస్తున్నాను. అలవాటు.

ఇరవై ఏళ్లకు పైగా నేను చదివిన పుస్తకాలన్నీ పట్టీతోనే చదివాను. పట్టీ లేకుండా, ఎవరికోసమూ కాకుండా చదివినవి ఈ పనిలో చేరకముందువే. ఇప్పుడు పుస్తకం తెరిస్తే చెయ్యి దానంతటది నుదుటికి వెళ్తోంది. నాకు కలిగింది నాలోనే ఉండిపోతుంటే, వంట చేసి ఎవరికీ పెట్టనట్టు ఉంటోంది. సోమేశం బతికున్నప్పుడే ఇలా ఊరికే చదివి ఉంటే బాగుండేది. సాయంత్రాలకి కొదవ ఉండేది కాదు.

ఒక మధ్యాహ్నం. ఎండ.

నూకరాజు వచ్చాడు. మోకాళ్లు పట్టుకుని మెట్లెక్కి వచ్చి గుమ్మంలో కూలబడ్డాడు. పాత పట్టీ చచ్చిపోయిందట. బాగుచేసే మనిషి దిగువలో లేడు. దాన్ని చూపించడానికి తెచ్చాడనుకున్నాను. తేలేదు. ఎండబెట్టిన చేపలు తెచ్చాడు.

“పుస్తకం మీకాడుందంట గదమ్మా. ఓపాలి పైకి చదవండి. ఎలాగుంటాదో సూద్దారి.”

ఎప్పుడూ పైకి చదవలేదు. సోమేశానికి కూడా చెప్పేదాన్నే గాని చదివి వినిపించలేదు. గొంతు సవరించుకుని గవర్రాజు అధ్యాయం తీశాను.

మొదట బాగా సాగలేదు. నేను చదువుతుంటే ఆయన కళ్లు మూసుకుని నవ్వు కోసం చూశాడు. నవ్వు దానంతటది రాలేదు. కళ్లు తెరిచి, నా నోటి వైపు చూస్తూ వినసాగాడు. అర్థం కాని చోట ఆపమనేవాడు. ‘నియ్యోగి’ అంటే ఏమిటని అడిగాడు. పట్టీలో అది తెలియవలసిన అవసరమే రాలేదట, నాకు తెలుసు కనుక ఆయనకీ తెలిసినట్టే ఉండేదట. పడవ దిబ్బకి తగిలిన చోట, ఇసుక ఆ వైపు మేట వేసి ఉంటే పడవ అలా తేలదని రాసినాయనతో పేచీ పెట్టుకున్నాడు. ఎవరికో చెప్పుకుంటున్నట్టు నవ్వాడు. అది ఆయన సొంత నవ్వు, నాది కాదు. చిన్నది, ముక్కులోంచి వచ్చింది.

గారెల వడ్డన దగ్గర రాసినాయన వంటల వాసనల మీద ఒక పెద్ద పేరా రాశాడు. కళ్లతో చదివినప్పుడు ఎప్పుడూ దాని మీదుగా జారిపోయేదాన్ని, గవర్రాజు అలక దగ్గరికి తొందరగా చేరాలని. పైకి చదివేటప్పుడు జారడానికి వీల్లేదు. ఒక్కొక్క మాటా పలకాలి. అలా పలుకుతూ పేరా చివరికి వచ్చాను.

‘వంటమనిషి సూరమ్మ నాలుగు గారెలు విడిగా తీసి, గవర్రాజుగారు వేడివి తినరని ఆకు మూసి పక్కన పెట్టింది.’

ఆగిపోయాను.

ఏటమ్మా అని అడిగాడు నూకరాజు. ఈ వాక్యం నేనెప్పుడూ చదవలేదని చెప్పాను. ఉండే ఉంటుంది, ఇన్నేళ్లూ ఇక్కడే ఉంది, నా కంట పడలేదు. ఆయన విస్తరిని దాటి వెళ్లింది మరిచిపోయి కాదు. ఆయన వాటా చల్లారబెడుతున్నారు. అడగకపోయినా, అలగకపోయినా, కాసేపు కూర్చుని ఉంటే చాలు.

నూకరాజు మళ్లీ చదవమన్నాడు. చదివాను. నా పట్టీలో ఇది లేదమ్మా అన్నాడు. ఎలా ఉంటుంది, నాకే లేనిది. ఆయన చేతులు ఒళ్లో పెట్టుకుని ముందుకి వంగాడు.

“పడవెల్లీపోయింది గదా. మరి ఆ గారెలు ఎవలు తిన్నారు?”

పేజీలు తిప్పాను. గవర్రాజు తిరిగి వచ్చేసరికి పెళ్లి అయిపోయి మూడు రోజులు. భోజనాల పేజీ చూశాను, అప్పగింతల పేజీ చూశాను. సూరమ్మ ఇంకొక్క చోట కనిపించింది, రేవులో గిన్నెలు తోముతూ. ఆకు గురించి ఏమీ లేదు.

రాయలేదన్నాను.

“మీరు ఇన్నిసార్లు చదివేరు గదమ్మా,” అన్నాడు. నిష్ఠూరంగా అనలేదు. అంత చదివినా తెలియని సంగతి ఒకటి ఉన్నందుకు ఆశ్చర్యంగా అన్నాడు.

చదివాను అన్నాను.

ఆఖరి బండి వెళ్లిపోతుందని లేచాడు. రేపు మిగతాది చదువుతారా అని అడిగితే చదువుతానన్నాను. మెట్లు దిగుతూ మధ్యలో ఒకసారి ఆగాడు, ఇంకా ఆ గారెల సంగతే ఆలోచిస్తున్నట్టు. తర్వాత దిగిపోయాడు.

నేను గుమ్మంలోనే ఉండిపోయాను. ఇలాంటి ప్రశ్న అడిగే మనిషి ఇదే గుమ్మంలో నా పక్కన అన్నేళ్లు కూర్చున్నాడు. అప్పుడు ఆ వాక్యం నాకు కనిపించలేదు.